బోను బయటి పిట్టలు

ఆదివారం పూట ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి మైత్రీ బాగ్‌కి వెళ్తే జనమంతా తెల్లపులి బోను దగ్గరే కనిపిస్తారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాన్నలు, ఫోన్లు పైకెత్తి పట్టుకున్న కుర్రాళ్లు. పులి ఇటు తిరిగిందంటే చాలు, ఒకటే కేకలు. తెల్లపులి చూడదగ్గదే, కాదనను. కానీ ఆ గుంపుకు కూతవేటు దూరంలో, చెరువు మధ్య ఎండుకొమ్మ మీద నీటికాకి రెక్కలు రెండూ బార్లా చాపి ఎండకు ఆరబెట్టుకుంటూ ఉంటుంది. చేప కోసం మునిగే పిట్ట అది. ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టే లోతుకు సులువుగా దిగగలదు, అందుకే బయటికొచ్చాక ఇంతసేపు ఆరబెట్టుకోవాలి. పక్కనే రావిచెట్టు నిండా పచ్చ పావురాలు పండ్లు తింటూ ఉంటాయి. ఆకుల్లో కలిసిపోయే రంగు కావడంతో, తలెత్తి చూసే నాథుడే ఉండడు.

ఒక తాత, మనవరాలు ఆ గట్టు మీద మాట్లాడుకుంటుంటే విన్నాను. శ్రీకాకుళం యాస, మధ్యమధ్య హిందీ.

"తాతా, ఆ కొంగ పింజ్రాలో లేదేటి? ఎగిరిపోదా?"

"ఎగిరిపోద్దమ్మా. దానికిష్టమై వచ్చింది, ఇష్టమైతే ఎల్తాది."

"మరి జూవోళ్లది కాదా?"

"ఎవులిదీ కాదు."

ఈ ముఖచిత్ర కథనం ఆ ఎవరిదీ కాని పిట్టల గురించే. సెలవు దొరికితే ఎక్కడికో పోవాలనుకునే మన అలవాటు గురించి కూడా. భిలాయిలోని కోహ్కాలో ఇంటి తలుపు తీసినప్పటి నుంచి మొదలుపెడితే ఒక్క పూటలో చూడగలిగిన పక్షి సంపద చాలా ఉంది. అది చూడాలంటే ముందు చెట్టును చూడటం నేర్చుకోవాలి. ఈ రెండు మాటలు చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

కోహ్కా గల్లీ నుంచే మొదలు

భిలాయిని రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి. హౌరా-ముంబై లైనుకు దక్షిణాన ఉక్కు కర్మాగారం, వరసల్లో గీసినట్టున్న సెక్టార్లు. ఉత్తరాన గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, సుపేలా బజారు, అది దాటితే కోహ్కా, జున్వానీ, స్మృతి నగర్. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరేనాటికి ఇవన్నీ వరి పొలాల మధ్య పల్లెలు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటికే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు పని వెతుక్కుంటూ రావడం మొదలైంది. క్వార్టర్ దొరికినవాళ్లు సెక్టార్లలో ఉన్నారు. రిటైరయ్యాకో, క్వార్టర్ దొరకకో సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు కోహ్కా లాంటి చోట్ల స్థిరపడ్డారు. వచ్చినవాళ్లు ఊరిని కూడా కాస్త వెంట తెచ్చుకున్నారు. పెరట్లో మునగ, కరివేపాకు, జామ, వీలైతే ఒక మామిడి.

ఆ చెట్లే మొదటి పక్షి కేంద్రాలు. మునగ పూతకు తేనెపిట్ట వస్తుంది. జామపండు మిగల్లేదంటే ఆ పని రామచిలుకదో, పికిలి పిట్టదో, కోకిలదో. కరెంటు తీగ మీద చీలిన తోకతో ఏట్రింత కూర్చుంటుంది. పొలాలు పూర్తిగా ఇళ్ల స్థలాలుగా మారని చోట పాలపిట్ట ఇంకా కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు మట్టి రంగు, ఎగిరితే నీలాల మెరుపు. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. రామచిలుక ఆంధ్రప్రదేశ్‌ది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి పహాడీ మైనా మాత్రం ఇక్కడి మైదానాల్లో దొరకదు. దాన్ని చూడాలంటే బస్తర్ అడవులకు వెళ్లాలి.

కోహ్కాలో చెవికి ముందుగా అందేది కంసాలి పిట్ట. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో ఉక్కు ఊరికి తగ్గట్టు టుక్, టుక్, టుక్ అని ఒకే తూకంలో గంటల తరబడి కొడుతూనే ఉంటుంది. శబ్దం దొరుకుతుంది, పిట్ట దొరకదు. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు. అరిచేటప్పుడు తలను అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే ఒకసారి ఎడమ నుంచీ, ఇంకోసారి కుడి నుంచీ వినిపించినట్టుంటుంది. మర్రి, రావి, జువ్వి చెట్ల చిటారు కొమ్మల్లో, ముఖ్యంగా ఆకు లేని ఎండుపుల్ల మీద వెతకండి. పొద్దున్నే ఎండ కాచుకోవడానికి అక్కడికే వస్తుంది. నుదుటి మీద ఎర్రటి మచ్చ, గొంతు పసుపు, దాని కింద మరో ఎర్ర పట్టె, ముక్కు చుట్టూ మీసాల్లా బిరుసు వెంట్రుకలు. అరుపుకొక్కసారి గొంతు ఉబ్బుతుంది. ఎండిన కొమ్మ అడుగు భాగాన రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద గుండ్రటి కన్నం కనిపిస్తే అది దాని గూడు, ముక్కుతో తొలిచి చేసుకున్నది. పెరట్లో ఎండుకొమ్మ ఉంది కదా అని నరికించేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు, ఆగడానికి. ఇంటి మీద పడే ప్రమాదం లేని ఎండుకొమ్మను ఉండనివ్వండి. కంసాలి పిట్ట వదిలేసిన కన్నంలోకి తర్వాత వేరే పిట్టలు చేరతాయి.

మైత్రీ బాగ్: తోటగా చూస్తే

కోహ్కా నుంచి సుపేలా మీదుగా పట్టాలు దాటి, సెక్టార్ల గుండా మరోదా వైపు వెళ్తే మైత్రీ బాగ్. భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో మొదలైంది. నిర్వహణ ఉక్కు కర్మాగారం ఉద్యానవన విభాగానిది. జూ ఉంది, బోటింగ్ చెరువు ఉంది, పిల్లల రైలుంది, చలికాలంలో పూల ప్రదర్శన పెడతారు. శాస్త్రీయంగా చెప్పాలంటే ఇది బొటానికల్ గార్డెన్ కాదు. అలాంటి తోటలో ప్రతి చెట్టుకూ పేరు, కుటుంబం, ఎక్కడి నుంచి వచ్చిందీ రాసి ఉంటాయి, మొక్కల్ని చదువు కోసం పెంచుతారు. అయినా సెలవు రోజున పక్షులు చూడటానికి భిలాయిలో ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ముదిరిన చెట్లు, నీళ్లు, పచ్చిక మూడూ ఒకేచోట ఉన్నాయి. మూడింటికీ మూడు రకాల పిట్టలు వస్తాయి.

పద్ధతి ఒకటే. పిట్టల కోసం తిరగొద్దు. పండిన చెట్టు ఒకటి వెతుక్కుని దాని కింద కూర్చోండి. మర్రి జాతి చెట్లన్నీ ఒకేసారి పండవు. ఒకటి ఈ నెల, ఇంకోటి వచ్చే నెల. పండిన చెట్టుకు ఆ వారం పది రోజులూ విందే. గోరువంకలు గోల చేస్తూ వస్తాయి. పచ్చ పావురాలు చప్పుడు లేకుండా వస్తాయి, వాటి పసుప్పచ్చ కాళ్లు చూసి గుర్తుపట్టాలి. అదృష్టం బావుంటే బూడిదరంగు హార్న్‌బిల్ జంట వస్తుంది, ఒకదాని వెనక ఒకటి, రెక్కలు కొట్టుకుంటూ, జారుతూ. ముక్కు మీద చిన్న కొమ్ములాంటి బొడిపె. ఆడ పక్షి చెట్టు తొర్రలోకి చేరి ద్వారాన్ని లోపలి నుంచి మూసేసుకుంటుంది, చిన్న చీలిక మాత్రం ఉంచి. వారాల తరబడి మగపక్షి ఆ చీలికలోంచే పండ్లు అందిస్తుంది. మగపక్షి చనిపోతే లోపలి కుటుంబం సంగతి ఆలోచించండి. ముదురు చెట్టు ఒక్కటి కొట్టేస్తే పోయేది నీడ ఒక్కటే కాదు. తొర్ర పడేంత లావు చెట్టు మళ్లీ తయారవ్వాలంటే ఒక తరం పడుతుంది.

వసంతంలో అయితే మోదుగ చెట్టు చూడండి. ఆకంతా రాలి, చెట్టంతా నారింజ ఎరుపు పూలు పూసినప్పుడు తేనెపిట్టలు, గోరువంకలు, ఏట్రింతలు, చిలుకలు అన్నీ అక్కడే ఉంటాయి. పూల తేనె కోసం వచ్చి ముఖం నిండా పుప్పొడి పూసుకుని పక్క చెట్టుకు పోతాయి. మోదుగకు కావలసింది కూడా అదే.

సామర్లకోటలో ఒక డాక్టరు

చెట్లకు పేర్లు రాసిపెట్టే తోటల సంగతి వచ్చింది కాబట్టి, తెలుగువాళ్లు గర్వపడాల్సిన కథ ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మొక్కలతో ప్రయోగాలు చేశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది, 300 రంగుల బొమ్మలతో. మొక్కల వివరాల పక్కన మనవాళ్లు పిలిచే తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పిన రైతుల, కూలీల పేర్లు ఎక్కడా లేవు. ఆ జ్ఞానంలో వాళ్ల వాటా పెద్దదే. ఛత్తీస్‌గఢ్ చెరువు గట్ల మీద, వాగుల ఒడ్డున నిలువెత్తు తెల్లటి మానుతో కనిపించే తెల్లమద్ది చెట్టు శాస్త్రీయ నామంలో ఈనాటికీ రాక్స్‌బర్గ్ పేరుంటుంది.

1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లాడు. ఆ తోట 1787లో మొదలైంది. ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుతో హౌరా దగ్గర శిబ్‌పూర్‌లో ఉంది, 270 ఎకరాలకు పైగా. దుర్గ్ నుంచి హౌరాకి నేరుగా రైళ్లున్నాయి, నాలుగు రోజుల సెలవు వస్తే వెళ్లదగ్గ చోటు. అక్కడి మహా మర్రికి 250 ఏళ్లు దాటాయి. 1864, 1867 తుపాన్లలో దెబ్బతిని, బూజు పట్టి, 1925లో అసలు మాను తీసేయాల్సి వచ్చింది. అయినా వేల ఊడల మీద చెట్టు అలాగే బతుకుతోంది, ఒక్క చెట్టే చిన్న అడవంత. హైదరాబాద్ వెళ్లే పని ఉన్నవాళ్లు కొత్తగూడలోని కోట్ల విజయభాస్కర్ రెడ్డి బొటానికల్ గార్డెన్‌కు ఒక ఉదయం కేటాయించండి. చుట్టూ ఐటీ భవనాలు, మధ్యలో నెమళ్లు.

సైబీరియా నుంచి వచ్చింది ఏది?

ఇక్కడ మన పత్రికల వాళ్లం ఎన్నో ఏళ్లుగా రాస్తున్న ఒక తప్పు సరిచేయాలి. చెరువులో పెద్ద కొంగ కనిపిస్తే చాలు, 'సైబీరియా పక్షులు విడిది చేశాయి' అని శీర్షిక పెట్టేస్తాం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి కావు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలూ కావు. ఇవన్నీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. ఇక్కడే పుట్టి, ఇక్కడే గూడు కట్టి, వానలనూ నీళ్లనూ బట్టి ఊరూరా తిరుగుతాయి. ఎక్కడి నుంచో వచ్చిన అతిథులని చెబితే వాటి విలువ పెరుగుతుందేమో అనుకుంటాం. నిజానికి మనవే అని తెలిస్తేనే బాధ్యత పెరుగుతుంది. ఇక్కడి చెట్టు పోతే వాటికి వెనక్కి వెళ్లడానికి ఇంకో దేశం లేదు.

నత్తగుల్ల కొంగను ఒక్కసారి దగ్గరగా చూడండి. బూడిద తెలుపు ఒళ్లు, నల్లటి రెక్కలు, ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. ఆ సందులో నత్తను పెట్టి అడకత్తెరలా పగలగొడుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆ ముక్కు మీద పరిశోధన చేసిన జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ కూడా అదే అభిప్రాయానికి వచ్చాడు. గుల్ల పగలకుండానే పని జరుగుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. బురదలో తడిమి నత్తను పట్టుకుని, పై ముక్కుతో గుల్లను నేలకు అదిమి, కింది ముక్కు సన్నటి కొసను మూత కిందికి దూర్చి, కండను తెంపి బయటికి లాగుతుంది. తల నీళ్లలోనే ఉంటుంది కాబట్టి మనకు మెడ కదలికే కనిపిస్తుంది. కాసేపటికి తల పైకొస్తుంది, గుటక పడుతుంది. పిల్ల కొంగలకు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. వరి పొలంలో నత్తల్ని తినే ఈ కొంగ రైతుకు చుట్టమే.

కోర్బా జిల్లా కన్కీ గ్రామంలో శివాలయం చుట్టూ ఉన్న చెట్ల మీద ఏటా వానల ముందు ఈ కొంగలే వచ్చి గూళ్లు కడతాయి. ఊళ్లో ఎవరూ వాటి జోలికి పోరు. అవి వస్తే వానలొచ్చినట్టే లెక్క. తేలుకుంచిలోనూ ఇదే నమ్మకం, ఇదే మర్యాద. ఒక ఊళ్లో ఛత్తీస్‌గఢీ, ఇంకో ఊళ్లో తెలుగు, ఒడియా. ఏ ప్రభుత్వ బోర్డూ లేని రోజుల నుంచి రెండు చోట్లా పక్షిని కాపాడింది ఊరి మాటే.

మరి సైబీరియా నుంచి వచ్చేది ఏది? మైత్రీ బాగ్ పచ్చిక మీద చలికాలంలో మీ కాళ్ల ముందే పరుగెత్తుతుంటుంది. బూడిదరంగు వీపు, తెల్లటి ముఖం, ఆగిన ప్రతిసారీ పైకీ కిందికీ ఆడే పొడవాటి తోక. తెల్ల వాగ్‌టెయిల్. బరువు పాతిక గ్రాములు కూడా ఉండదు. హిమాలయాలకు అవతల, మధ్య ఆసియా నుంచి సైబీరియా దాకా గూళ్లు పెట్టే జాతి ఇది. సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి మార్చి, ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతుంది. చిప్స్ ప్యాకెట్ పక్కన పురుగు ఏరుకుంటున్న ఆ పిట్టను దాటుకుంటూ జనం పులిని చూడటానికి పోతుంటారు.

నీళ్లున్న చోటికి

మైత్రీ బాగ్‌కు దగ్గర్లోనే మరోదా జలాశయాలు. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కూ కావలసిన నీరు బాలోద్ దగ్గరి తాండులా నుంచి కాలువ ద్వారా ఇటు వస్తుంది. ఉక్కు చల్లబరచడానికి తెచ్చిన నీళ్లే చలికాలంలో బాతులకు ఆశ్రయం. గట్టు మీద నిలబడి చూడటానికి బైనాక్యులర్ ఉండాలి. కర్మాగారం ఆస్తి కాబట్టి వెళ్లనివ్వని చోటికి వెళ్లొద్దు. దుర్గ్ వైపు శివ్‌నాథ్ నది ఒడ్డు, ఠగడా బాంధ్ కూడా ఉన్నాయి.

ఒక రోజంతా ఉంటే బేమేతరా జిల్లా గిధ్వా-పరసదా చెరువులకు వెళ్లండి. రాయ్‌పూర్-బిలాస్‌పూర్ దారిలో నాంద్‌ఘాట్ దగ్గర. పొద్దున్నే బయలుదేరితే చీకటి పడేలోగా కోహ్కా చేరుకోవచ్చు. పక్కపక్కనే ఉన్న పల్లె చెరువులివి. 2021 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా ఛత్తీస్‌గఢ్ తొలి పక్షి ఉత్సవం ఇక్కడే జరిగింది. సూదితోక బాతులు గుంపులుగా దిగుతాయి. తామరాకుల మీద పొడవాటి కాలివేళ్లతో జకానాలు నీళ్లలో మునగకుండా నడిచిపోతాయి. ఛత్తీస్‌గఢ్ చెరువుల్లో అప్పుడప్పుడూ దిగే పట్టెతల బాతుదైతే అసలైన దూర ప్రయాణం. టిబెట్, మంగోలియా సరస్సుల్లో పుట్టి హిమాలయాల మీదుగా వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే 7,000 మీటర్లు దాటిన ఎత్తులో కూడా ఎగిరినట్టు తేలింది. తల వెనక రెండు నల్ల పట్టెలు దాని గుర్తు. ఈ రాష్ట్రం చెరువుల విలువను ఇప్పుడిప్పుడే లోకం గుర్తిస్తోంది. బిలాస్‌పూర్ దగ్గరి కోప్రా జలాశయం 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌కు తొలి రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న) చిత్తడి నేల అయింది. మన కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లోనే వచ్చింది. గుర్తింపు ఉన్నా చేపల చెరువుల ఆక్రమణతో కొల్లేరు ఎంత నలిగిందో మనకు తెలుసు. బోర్డు పెట్టినంత మాత్రాన చెరువు బతకదు.

సంక్రాంతికి సొంతూరు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ వందేభారత్ నడుస్తోంది. విజయనగరంలో దిగి శ్రీకాకుళం వైపు వెళ్తే టెక్కలి దగ్గర తేలినీలాపురం. జనవరిలో చింతచెట్ల మీద గూడబాతులు పిల్లల్ని మేపుతూ ఉంటాయి. పండక్కి వచ్చిన పిల్లల్ని ఒక్క పూట అక్కడికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు

సూర్యోదయమయ్యాక మొదటి రెండు గంటలే గంటలు. పదకొండుకు వెళ్లి పిట్టలే లేవంటే లాభం లేదు. 8×42 అని రాసి ఉన్న బైనాక్యులర్ ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కొత్తది కొనలేకపోతే చెవులు చాలు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ అరుపు విని పిట్ట పేరు చెబుతుంది. దాన్ని వినడానికే వాడండి. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను పిలవొద్దు, గూడు కట్టే కాలంలో అది గూడొదిలి శత్రువు వచ్చాడని తిరుగుతుంది. బాతులకు బ్రెడ్డు ముక్కలు వేయకండి. పిక్నిక్ స్పీకరు ఇంట్లోనే ఉంచండి. సంక్రాంతి గాలిపటాలకు గాజు మాంజా వద్దు, దానికి తెగే రెక్కల లెక్క ఎవరూ రాయరు.

చూసిన పిట్టను రాసిపెట్టండి. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని. ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే దేశంలోని పక్షుల లెక్కలో అదీ చేరుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. రెండింట్లోనూ మామూలు మనుషులే లెక్కపెడతారు. తమిళనాడులో పొంగల్ సెలవుల్లో ఊరూరా పక్షుల్ని లెక్కిస్తున్నారు. భిలాయిలో సెక్టార్ 5 బాలాజీ మందిరం దగ్గర పండగకు అంతమంది తెలుగువాళ్లం పోగవుతాం. ముగ్గుల పోటీతో పాటు ఒక ఉదయం పక్షుల లెక్క కూడా పెట్టుకోలేమా? సంఘాల పెద్దలు ఆలోచించాలి. పిల్లలు పాతికమంది, పెద్దలు ఐదుగురు, ఒక నోటుబుక్కు ఉంటే సరిపోతుంది. ఈ సంక్రాంతికే మొదలుపెట్టండి.